దెయ్యంపిల్ల తల్లి

ఆ పుస్తకం మొదటి పేజీలోనే వాన. రెండో పేజీలో గుర్రబ్బండి చక్రం బురదలో దిగబడుతుంది. మూడో పేజీలో, కొండ అంచు మీద, ఒక్క కిటికీలో మాత్రమే దీపం వెలుగుతున్న రాతి మేడ కనిపిస్తుంది. బండివాడు ఇంతకంటే ముందుకు రానని చెప్పి, పదహారేళ్ల అనాథ పిల్లని, ఆమె పెట్టెని అక్కడే దించేసి వెనక్కి తిప్పుకుని పోతాడు. నాకూ అప్పుడు పదహారేళ్లే. ఇంకేం కావాలి? ఆ మూడో పేజీలో పడినదాన్ని ఇప్పటికీ లేవలేదు. బరువైన పుస్తకాలు చదివేవాళ్లు ఇలాంటివాటిని చూసి పెదవి విరుస్తారని తెలుసు. విరవనివ్వండి, వాళ్ల పెదవి వాళ్లిష్టం.

విమానాశ్రయం తెరిచి అప్పటికి ఐదేళ్లు. శంషాబాద్‌ని ఆనుకుని ఉన్న మా ఊరి పొలాలు సగం దాని గోడ లోపలికి వెళ్లిపోయాయి. మాకు మిగిలిన ఎకరన్నరలో బాపు టమాటా, బెండ, ఆకుకూరలు పండించి మార్కెట్‌కి వేసేవాడు. ఇంటి మీద ఒక అంతస్తు లేపి కిరాయికి ఇచ్చాం. అందులో గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక ఆంటీ దిగింది. విమానాశ్రయంలో ఉద్యోగం. తెల్లవారకముందే షిఫ్టుకి పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. ఆమె మాట్లాడుతుంటే రేడియోలో వార్తలు విన్నట్టుందని మా అమ్మ అనేది.

ఆ ఆంటీయే ఒకరోజు నన్ను మెట్ల మీద ఆపి, "ఇంటర్లో చేరావు కదా అమ్మాయ్, ఇంగ్లీషు చదవడం కాస్త అలవాటు చేసుకో" అని ఈ పుస్తకం చేతిలో పెట్టింది. "నా చిన్నప్పుడు హాస్టల్లో బహుమతిగా ఇచ్చారు. పాతకాలంలో పిల్లల కోసం రాసింది. దెయ్యమూ ఉంటుంది, ప్రేమా ఉంటుంది. అట్ట ఊడిపోతోంది, కాస్త జాగ్రత్తగా చూసుకో."

నా ఇంగ్లీషు అంతంత మాత్రం. తెలియని మాట తగిలితే దాటేయడమే. అలా దాటేయగా మిగిలిన మాటలతోనే కథ నడిచిపోయేది, అంత మంచి పుస్తకం అది. ప్రతి అధ్యాయం చివరా ఒక కొవ్వొత్తి ఆరిపోతుంది. ఆరుతుందని నాకు ముందే తెలుసు. తెలిసే ఎదురుచూసేదాన్ని. ఆరగానే వెన్ను జల్లుమనేది. తాళం వేసిన గది ఒకటి, గోడ మీద పటంలో కళ్లు కదులుతున్నట్టు కనిపించే ముసలి దొర ఒకడు, నడుముకి తాళాల గుత్తి వేలాడదీసుకుని చప్పుడు కాకుండా తిరిగే పనామె ఒకత్తె. ఇక ఆ దొర మనవడు. తెల్లగా, పొడుగ్గా, ఎప్పుడూ కిటికీ దగ్గర నిలబడి సముద్రం వైపు చూస్తుంటాడు. ఎవరితోనూ సరిగా మాట్లాడడు. మా కాలేజీలో అలాంటివాడు ఒక్కడూ లేడు. ఉన్నవాళ్లంతా అతిగా మాట్లాడేవాళ్లే. నేను ఆ మనవడిని మనస్ఫూర్తిగా ప్రేమించాను. చెప్పడానికి సిగ్గేమీ లేదు.

ఆ రోజుల్లో మధ్యాహ్నం కరెంటు కోత. మూడింటికి పోతే ఐదు దాటాక వచ్చేది. సరిగ్గా అదే సమయానికి నాయనమ్మ సీరియల్ ఉండేది. సీరియల్ పోయాక ఆమెకి ఏమీ తోచేది కాదు. చేటలో బియ్యం ఏరుకుంటూ, వరండా మెట్టు మీద కూర్చున్న నన్నే చూస్తుండేది.

"ఏందే, ఒక్కదానివే నవ్వుతున్నవ్, ఒక్కదానివే భయపడుతున్నవ్. ఏమున్నది అండ్ల?" అంది ఒకరోజు.

"దెయ్యం కథ నాయనమ్మా."

"జర నాకు గూడ చెప్పు. సీరియల్‌ల గూడ దెయ్యాలే, కాకపోతే చీరలు మంచిగ ఉంటయ్."

అలా మొదలైంది. నేను ముందు రోజు చదివింది మరునాటి మధ్యాహ్నం నాయనమ్మకి తెలుగులో చెప్పాలి. చెప్పబోయాక తెలిసింది, ఆ పుస్తకంలో సగం సామాను మా దగ్గర లేదని. రాతి మేడని ఏమనాలి? "గడి" అన్నాను. పాతకాలపు దొరల గడి. అది చెప్పీ చెప్పకముందే నాయనమ్మ ముఖం ముడుచుకుంది. ఆమె చిన్నతనంలో వాళ్ల ఊళ్లో గడి ఉండేది, దాని ముందు నుంచి చెప్పులేసుకుని నడవనిచ్చేవాళ్లు కాదు. ఇక ఎంత చెప్పినా ఆ మనవడిని మంచివాడని ఒప్పుకోలేదు.

"దొర మనుమడు మంచోడెట్లయితడే?"

"మంచోడే నాయనమ్మా. ఎప్పుడూ బాధపడుతుంటాడు."

"తెల్లగున్నడు అంటివి, అన్నం తినడు అంటివి. రక్తం తక్కువున్నది పోరనికి. మేకకాళ్ల సూపు తాగిస్తె బాధ గీధ అన్నీ పోతయ్."

నా ప్రేమకి ఆవిడ వైద్యం అది. గడి చుట్టూ మైళ్ల కొద్దీ ఖాళీ నేల, గాలి తప్ప ఏమీ లేదు అని చెబితే, "గంత భూమి పడావు వెట్టిండ్రా? ఇగ చూడు, ఎయిర్‌పోర్టు కోసం అడుగుతరు" అంది. కథానాయిక మాటిమాటికీ స్పృహ తప్పుతుంటుంది కదా, "పొద్దుగాల ఏం తిన్నదంట?" అని నిలదీసేది. పుస్తకంలో ఎవరూ ఏమీ తినరు. అందుకని నేనే సొంతంగా జొన్నరొట్టె, పప్పు వండి ఆ పిల్లకి పెట్టడం మొదలుపెట్టాను. ఒక్కసారి అబద్ధం చెప్పడం అలవాటైతే ఎంత హాయిగా ఉంటుందో అప్పుడే తెలిసింది నాకు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లోనూ ఒక దెయ్యం ఉండేది. తేడా ఏమిటంటే, ఆమె బతికే ఉంది.

ఆమె మా మేనత్త, బాపుకి చెల్లెలు. విమానాశ్రయం తెరిచిన ఏడాదే, కాటేదాన్‌లో ఫ్యాన్ల కార్ఖానాలో పనిచేసే అతన్ని ఇష్టపడి, ఇంట్లో ఒప్పుకోకపోతే వెళ్లి పెళ్లి చేసుకుంది. అతనిది వేరే కులం. పెళ్లయిన మరునాడు పొద్దున ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. నాకు పదకొండేళ్లు. తాత తలుపు వేయించి, కుర్చీ లాక్కుని దాని ఎదురుగా కూర్చున్నాడు. నాయనమ్మ తలుపు దగ్గరికి వెళ్లి గొళ్లెం మీద చెయ్యి వేసింది. "తియ్యకు" అన్నాడు తాత. ఒక్క మాటే. బయట నుంచి అత్త తలుపు కొడుతూ "అవ్వా, అవ్వా" అని తల్లిని పిలిచింది. చాలాసేపు పిలిచింది. నాయనమ్మ చెయ్యి గొళ్లెం మీదే ఉంది. తీయలేదు. ఆ తర్వాత అత్తా వాళ్లూ షాద్‌నగర్‌లో కాపురం పెట్టారని ఎవరో చెప్పారు. మా ఇంట్లో షాద్‌నగర్ పేరెత్తడం మానేశారు. అటు పోయే బస్సుని కూడా "ఆ బస్సు" అనేవాళ్లు.

తాత అంతటితో ఊరుకోలేదు. బతుకమ్మ మొదలయ్యే అమావాస్యని మా దగ్గర పెత్రమాస అంటారు. ఆ రోజు ఇంట్లో చనిపోయిన పెద్దలకి బియ్యం ఇవ్వాలి. చేటలో బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు, కూరగాయలు పెట్టి అయ్యగారి ముందు కూర్చుంటే, ఆయన చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతాడు, పేరుపేరునా నీళ్లు వదులుతాం. ఆ ఏడాది తాత మా పెద్దల పేర్ల చివర అత్త పేరు చెప్పాడు. అయ్యగారు రాసుకున్నాడు. నీళ్లు వదిలారు. మరుసటి ఏడాది మళ్లీ. ఆ పైయేడు తాతే పోయాడు. ఆయన పేరూ చీటీలో అత్త పేరుకి పైన ఎక్కింది, ఆమె పేరు మాత్రం దిగలేదు. "నాయిన పెట్టిన పద్ధతి" అని బాపు తల దించుకునేవాడు. ప్రతి ఏడూ ఆ పేరు వినపడగానే నాయనమ్మ లేచి పెరట్లోకి వెళ్లిపోయేది. ఈసారి పెత్రమాస ఇంకా నెల రోజులుందనగా, మా అమ్మతో అనడం విన్నాను, "ఇంకొక్కపారి ఆ పేరు మీద నీళ్లు ఇడిసిండ్రంటె, అదెట్లున్నదో ఏమో గని, నేనైతే బతకను కోడలా." అత్తని మళ్లీ చూస్తానన్న ఆశ ఆమెకి ఎక్కడో మిగిలే ఉంది. ఏటా ఆ నీళ్లతో దాన్ని ఆర్పుకోవాల్సి వస్తోంది. అది ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.

ఇంత తెలిసిన నేను, ఇలాంటి పుస్తకాన్ని తీసుకొచ్చి ఆవిడ ముందు పెట్టానంటే నా బుర్ర గురించి మీరే అనుకోండి. అప్పటికి నేను ఏడో అధ్యాయంలో ఉన్నాను. దెయ్యం అసలు ఎవరో ఇంకా బయటపడలేదు. సాయంత్రం చీకటి పడే వేళ గడి పడమటి తలుపుని ఎవరో మూడుసార్లు కొడతారు, వెళ్లి చూస్తే తడిసిన పాదాల గుర్తులు తప్ప ఏమీ ఉండదు, అంతే తెలుసు.

ఎనిమిదో అధ్యాయంలో తాళాల పనామె కథానాయికని పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని అసలు సంగతి చెబుతుంది. నేను ఆ ఘట్టం చదివి ఉబ్బితబ్బిబ్బయిపోయాను. మరునాడు కరెంటు పోవడమే ఆలస్యం, నాయనమ్మ ముందు చేరాను. మంచం పట్టెని వేళ్లతో మూడుసార్లు కొట్టి మరీ మొదలుపెట్టాను.

"అరవై ఏళ్ల కింద ఆ దొరకి ఒక కూతురుండేది నాయనమ్మా. గుర్రాలు చూసుకునే అతన్ని ఇష్టపడి వెళ్లిపోయింది. కొన్నాళ్లకి ఒకనాడు పెద్ద గాలివానలో తిరిగొచ్చింది. వచ్చి పడమటి తలుపు కొట్టింది. దొర లోపల కుర్చీలో కూర్చుని, ఎవ్వరూ లేవకండి అన్నాడు. కొట్టీ కొట్టీ ఆ పిల్ల..."

బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగిపోయింది. నా నోరు ఇంకా రెండు వాక్యాలు ముందుకి పోయాక గానీ ఆగలేదు. అప్పుడు అర్థమైంది నాకు ఏం చెబుతున్నానో.

నాయనమ్మ అడిగింది, "దాని తల్లి ఏడున్నది అప్పుడు?"

పుస్తకంలో తల్లి గురించి అప్పటికి ఒక్క మాట కూడా లేదు. ఉందో లేదో నాకు తెలియదు. తెలియదని చెబితే సరిపోయేది. కానీ గొళ్లెం మీది చెయ్యి నా కళ్ల ముందు కనిపిస్తుంటే, ఆవిడని ఎలాగైనా అక్కణ్నుంచి తప్పించాలనిపించింది.

"తల్లి లేదు నాయనమ్మా. ఆ పిల్ల చిన్నప్పుడే చచ్చిపోయింది."

"నసీబు మంచిది ఆమెది" అంది నాయనమ్మ. "ఇగ కానియ్యి, ఏమైంది?"

జొన్నరొట్టెలు వండి పెట్టినంత తేలిగ్గా ఒక మనిషిని చంపేశాను. ఆ రోజుకి గండం గడిచిందని సంబరపడ్డాను కూడా. ఆ తర్వాత రెండు వారాలు కథ బాగా సాగింది. నాయనమ్మ కొవ్వొత్తులు ఆరినప్పుడల్లా "ఇగో, ఆరిపాయె" అని నాకంటే ముందే చెప్పేది. పటంలో దొర కళ్లు కదిలితే "కదలకుంట ఉంటయా పాపపు కండ్లు" అనేది. మనవడు, అనాథ పిల్లా మొదటిసారి చేతులు పట్టుకున్న చోట నేను సిగ్గుపడి తొందరగా చెప్పి దాటేస్తే, "ఏయ్, ఆగు, మల్లొకపారి చెప్పు" అని పట్టుబట్టింది. అరవై దాటిన ఆవిడా నేనూ ఒకే చోట ఒకేలా నవ్వుకున్న రోజులవి. అంత సంతోషంగా నేను ఏ పుస్తకాన్నీ మళ్లీ చదవలేదు.

పెత్రమాస వారం ఉందనగా ఇరవయ్యో అధ్యాయానికి వచ్చాను. అందులో అనాథ పిల్ల మెట్ల కింద దాగి ఉన్న ఒక చిన్న గదిలోకి జారిపడుతుంది. అక్కడ ఒక కుట్టుపని పెట్టె. పెట్టెలో పసిపిల్ల గౌను. గౌనులో చుట్టి పెట్టిన పడమటి తలుపు తాళంచెవి. దానితో పాటు ఒక కాగితం, దెయ్యంపిల్ల తల్లి రాసింది. "ఆ రాత్రి తాళంచెవి నా చేతిలోనే ఉంది. నేను తీయలేదు." ఆ వాక్యం ఒక్క మాటా దాటేయకుండా అర్థమైంది నాకు.

నేను ఎనిమిదో అధ్యాయంలో చంపేసిన తల్లి ఇరవయ్యో అధ్యాయంలో బతికొచ్చింది. కథ మొత్తం ఆవిడ మీదే నిలబడి ఉంది. ఆవిడ లేకుండా తాళంచెవి లేదు, తాళంచెవి లేకుండా తలుపు తెరుచుకోదు. చెబితే నాయనమ్మ ఏమైపోతుందో అని భయం. చెప్పకపోతే కథ లేదు.

పుస్తకం చివరిదాకా చదివేసి, మూడు రోజులు తప్పించుకు తిరిగాను. పరీక్షలన్నాను. "దసరా ముందల ఏం పరీక్షలే, నీ మొహం" అంది నాయనమ్మ. తలనొప్పి అంటే అమృతాంజనం తెచ్చి నుదుటికి రాసింది. నాలుగో రోజు ఇక ఆగలేక పైకి వెళ్లి ఆంటీకి అంతా చెప్పేశాను, అత్త సంగతితో సహా.

ఆమె నవ్వాలో వద్దో తెలియనట్టు చూసింది. "రచయిత్రి బతికించుకున్న మనిషిని నువ్వెలా చంపేశావమ్మా? అడగాలి కదా ఒక మాట" అంది. తర్వాత, "ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యి. మీ నాన్నమ్మగారు నీలా పిరికివారు కారు" అని కిందికి పంపించింది.

కరెంటు అప్పుడే పోయింది. నాయనమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నాయనమ్మా, నేనొకటి అబద్ధం చెప్పిన. ఆ దెయ్యంపిల్ల తల్లి చచ్చిపోలేదు."

"నాకెర్కే" అంది తల ఎత్తకుండా.

"ఎట్ల?"

"లోపల తల్లి లేకుంటే ఆ పొల్ల అరవై ఏండ్ల సంది తలుపెందుకు కొడ్తది? దొర కోసమా? తల్లి ఉన్నదనే కొడుతున్నది."

నేను పుస్తకం మొత్తం చదివినదాన్ని, ఆవిడ నా నోటి వెంట సగం సగం విన్నది. అయినా ఆ కథ నాకంటే ఆమెకే బాగా తెలుసు. కుట్టుపెట్టె గురించీ, కాగితం గురించీ చెప్పాను. ఈసారి ఏదీ దాచలేదు.

"తాళంచెవి వెట్టుకొని ఏం జేసిందంట మరి?"

"ఏడ్చిందట."

"ఏడుస్తది" అంది. చిక్కుడుకాయలు పక్కన పెట్టేసింది. "నా చెయ్యి గొళ్లెం మీదనే ఉండె బిడ్డా. మీ తాత నన్ను కొట్టెటోడు కాదు, చంపెటోడు కాదు. తీసేదుంటే ఏమయ్యేది? రెండు దినాలు అన్నం తినకుండ అలిగెటోడు. గంతే. గంతదానికి నేను నా బిడ్డను అట్ల ఇడిసిపెట్టిన."

"నేను చూసిన నాయనమ్మా" అన్నాను. "నీ చెయ్యి చూసిన." ఐదేళ్లుగా ఆ మాట నేనూ ఎవరితోనూ అనలేదు. ఇద్దరం ఏడ్చాం. ఎవరైనా చూస్తే దెయ్యం కథకి ఇంత ఏడుపేమిటని అనుకునేవాళ్లు.

తర్వాత ఆవిడే ముక్కు తుడుచుకుని, "మరి కడమ కథ చెప్పవా?" అంది. చెప్పాను. అనాథ పిల్ల ఆ తాళంచెవితో పడమటి తలుపు తీస్తుంది. గాలి లోపలికి వస్తుంది. తడి పాదాల గుర్తులు గదిదాకా నడిచి, పొయ్యి ముందు ఆగి, ఆరిపోతాయి. ఆ తర్వాత ఎప్పుడూ ఎవరూ తలుపు కొట్టరు. మనవడూ ఆ పిల్లా పెళ్లి చేసుకుంటారు. ఈ ముగింపు చదివి నేను దిండు తడిసేలా ఏడ్చి ఉన్నాను. నాయనమ్మకి మాత్రం నచ్చలేదు.

"పెండ్లి చేసుకోనియ్యి, మంచిదే. గని తలుపు ఆ పరాయి పిల్ల తీసుడేంది? తల్లి తియ్యాలె. సచ్చినంక తీస్తె ఏమొస్తది, బతికుండంగ తియ్యాలె." అలా అని చిక్కుడుకాయలు మళ్లీ ముందుకి లాక్కుంది.

పెత్రమాస పొద్దున అయ్యగారు వచ్చాడు. పీట వేశాం. బాపు తడి పంచె కట్టుకుని కూర్చున్నాడు. అయ్యగారు తన చీటీ తీసి, ముత్తాత పేరు చదివాడు, ముత్తవ్వ పేరు చదివాడు, తాత పేరు చదివాడు. బాపు ఒక్కో పేరుకి నీళ్లు వదిలాడు. గోడకి ఆనుకుని నిలబడ్డ నాయనమ్మ ఈసారి పెరట్లోకి పోలేదు. ముందుకి వచ్చింది.

"అయ్యగారూ, ఆ ఆఖరు పేరు చదవకుండ్రి. అది షాద్‌నగర్‌ల ఉన్నది."

అయ్యగారికి అర్థం కాలేదు. "ఉన్నది అంటే?"

"ఉన్నది అంటే ఉన్నది. బతికున్నది. నా బిడ్డ."

ఆయన చీటీ వైపూ బాపు వైపూ మార్చి మార్చి చూశాడు. పాపం, ఇన్నేళ్లూ ఆయనకి ఈ సంగతే తెలియదు. తాత ఒక పేరు చెప్పాడు, ఆయన రాసుకున్నాడు. "బతికున్న మనిషి పేరు మీద నాతోటి నీళ్లు ఇడిపిచ్చిండ్రా?" అని లెంపలేసుకున్నంత పని చేశాడు. అప్పటికప్పుడు జేబులోంచి పెన్ను తీసి ఆ పేరు కొట్టేశాడు. చాలలేదేమో, ఆ చివర చించేసి, చించిన ముక్క ఏం చెయ్యాలో తెలియక నాయనమ్మ చేతిలోనే పెట్టాడు.

"అవ్వా, నాయిన మాట..." అన్నాడు బాపు.

"మీ నాయనకు గిప్పుడే బియ్యం ఇచ్చినవ్ గద. తింటడు, ఊకుంటడు" అంది నాయనమ్మ. "బట్టలు మార్చుకో. పోదాం."

బాపు ముఖం చూస్తే, నెత్తి మీది మూట ఎవరో వచ్చి దించినట్టుంది. "ఇయాల అమాస అవ్వా. రేపు పొద్దుగాలనే పోదాం" అన్నాడు. కాదని అనలేదు. అది చాలు ఆమెకి.

మరునాడు పొద్దున నాయనమ్మ ఎర్రంచు చీర కట్టుకుంది. కాళ్లకి వెండి కడియాలు చింతపండుతో తోమి పెట్టుకుంది. బాపు సంచినిండా టమాటాలు, చిక్కుడుకాయలు నింపాడు. నేను కాలేజీ మానేశాను. శంషాబాద్‌లో "ఆ బస్సు" ఎక్కాం. దారి పొడుగునా నాయనమ్మ తలుపు కొట్టాక ఏం అనాలో సాధన చేస్తూనే ఉంది. "ముందుగాల నేను కొడ్త. మీరు ఎన్కనుండ్రి. తియ్యకపోతే తియ్యకపోని, కూసుంట ఆడనే. అది నన్ను ఎంతసేపు నిలవెట్టినా తప్పు లేదు" అంది నాతో. తలుపు తీయకపోతే ఈవిడని తిరిగి ఎలా తీసుకురావాలా అని నా భయం నాది.

షాద్‌నగర్‌లో దిగాక బాపు ఎవరినీ దారి అడగలేదు. మార్కెట్ దాటి, పాల డెయిరీ పక్క నుంచి ఒక సందులోకి, అక్కణ్నుంచి ఇంకో సందులోకి తిప్పాడు. నేను గమనించాను. నాయనమ్మా గమనించింది. రెండో సందు మొదట్లో ఆగి బాపు నేల చూపులు చూస్తూ, "కూరగాయలు ఏసి వచ్చేటప్పుడు అప్పుడప్పుడు వచ్చెటోన్ని అవ్వా. గీడిదాకనే. లోపలికి పోలే" అన్నాడు. నాయనమ్మ అతని వీపు మీద చెయ్యి వేసి ముందుకి నడిచింది.

ఆకుపచ్చ రంగు వేసిన చిన్న ఇల్లు. నాయనమ్మ గడప ముందు నిలబడి చెయ్యి ఎత్తింది, కొట్టడానికి. కొట్టడానికి ఏమీ లేదు. తలుపు బార్లా తీసి ఉంది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

లోపల గచ్చు మీద నాలుగేళ్ల పాప ఒకతె గిన్నెలో ఉప్మా తింటోంది. తల ఎత్తి నాయనమ్మ ముఖం చూసింది, కాళ్ల కడియాలు చూసింది, మళ్లీ ముఖం చూసింది. తర్వాత వంటగది వైపు తిరిగి గట్టిగా కేకేసింది.

"అమ్మా, ఇమానాల అమ్మమ్మ ఒచ్చింది!"

అత్త పిండి అంటిన చేతులతో బయటికి వచ్చింది. మనిషి కొంచెం సన్నబడింది. మమ్మల్ని చూసి అక్కడే ఆగిపోయింది. ఇన్ని మాటలు సాధన చేసిన నాయనమ్మ, చివరికి పాప వైపు చూపించి, "దానికి నేనెట్ల ఎర్క?" అని మాత్రం అడగగలిగింది.

"రోజు చెప్తనే ఉన్న" అంది అత్త. "ఇమానం కనవడ్డప్పుడల్లా, అగో అది మీ అమ్మమ్మ ఇంటి మీదికెళ్లే పోతదని చూపిస్త. కడియాలు వెట్టుకుంటది, పెద్ద బొట్టు వెట్టుకుంటది, ఒక దినం మనింటికి వస్తది అని చెప్పిన. పుట్టిన కాడ నుంచి అదే కథ. అది లేకుంటే పండుకోదు."

"జర ఆలస్యమైంది బిడ్డా" అంది నాయనమ్మ.

"వచ్చినవ్ గద అవ్వా" అంది అత్త. పిండి చేతులతోనే ఆమెని పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. బాపు చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి వాళ్ల వెనకే వెళ్లాడు.